పిల్లలు లేని ఊళ్ళో పండుగలు

పండుగ అనగానే మన కళ్ళ ముందు మెదిలేది పిల్లలే కదా! భోగినాడు సాయంత్రం రేగుపళ్ళు పోయాలన్నా, దీపావళికి కాకరపువ్వొత్తులు వెలిగించాలన్నా, బొమ్మల కొలువుకు పేరంటం పిలవాలన్నా ఇంట్లో పిల్లలుంటేనే శోభ. మరి ఊరు మొత్తంమీద ఒక్క పిల్లవాడూ కాపురముండని చోట పండుగలు ఎలా జరుగుతాయి? అలాంటి ఊరు కూడా ఉంటుందా అంటారేమో! ఉంది. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్ నగరానికి వాయవ్యంగా ఉన్న ఆ ఊరి పేరు సన్ సిటీ. అంటే సూర్యనగరం అన్నమాట. ఆ ఊరు ఎందుకు పుట్టిందో, అక్కడి పెద్దలు ఎలా కాలక్షేపం చేస్తారో ఈవేళ చెప్పుకుందాం.

అమెరికాలో వృద్ధుల పింఛనుకు దారితీసిన సోషల్ సెక్యూరిటీ చట్టం 1935లో వచ్చింది. 1940 నుంచి నెలనెలా డబ్బు చేతికందసాగింది. ఉద్యోగం అయిపోయింది, పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయారు, ఇంకా చాలా ఆయుర్దాయం మిగిలే ఉంది. మరి పొద్దు గడిచేదెలా? అందులోనూ ఉత్తరాది రాష్ట్రాల్లో చలికాలం వచ్చిందంటే మంచు గడప దాటనివ్వదు. ఫీనిక్స్ ప్రాంతం ఎడారి. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటినా, డిసెంబరులో పగటిపూట 20 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది. ఇళ్ళను చల్లబరిచే యంత్రాలు అందుబాటులోకి వచ్చాక ఆ వేసవిని కూడా తట్టుకోవడం సాధ్యమైంది. 1954లో బెన్ ష్లీఫర్ అనే ఆయన పెద్దవాళ్ళ కోసమే అక్కడ యంగ్‌టౌన్ అనే ఊరు కట్టాడు. పేరు చూశారా? ముసలివాళ్ళ ఊరికి పడుచు పేరు!

దాని పక్కనే, ఒకప్పుడు పత్తి పండిన నేలలో, డెల్ వెబ్ కంపెనీ 1960 జనవరి 1న సన్ సిటీని ప్రారంభించింది. వెబ్ వడ్రంగిగా జీవితం మొదలుపెట్టి పెద్ద కాంట్రాక్టరైన మనిషి. వృద్ధులు అయినవాళ్ళను వదిలి ఎడారికి ఎందుకొస్తారని సందేహించినవాళ్ళు లేకపోలేదు. ఆయన మాత్రం ఒక తెలివైన పని చేశాడు. నమూనాకు ఐదు ఇళ్ళు మాత్రమే కట్టి, వాటితోపాటే గోల్ఫ్ మైదానం, అంగళ్ళు, ఈతకొలను, చేతిపనుల గదులున్న వినోద కేంద్రం సిద్ధం చేయించాడు. చూడటానికి మొదటి 3 రోజుల్లోనే లక్షమంది వచ్చారని చెబుతారు. 237 ఇళ్ళు అమ్ముడయ్యాయి. 1962 ఆగస్టులో టైమ్ పత్రిక వెబ్ బొమ్మను ముఖచిత్రంగా వేసింది.

ఎందుకంత గిరాకీ అంటారు? ఇల్లు ఎక్కడైనా దొరుకుతుంది. పొరుగు దొరకడమే కష్టం. ఆ జనం కొనుక్కున్నది గోడలను కాదు, తోడును.

ఇప్పుడు ఆ ఊళ్ళో నూరుకు పైగా క్లబ్బులున్నాయి. కుట్లు, అల్లికలు, కుండల పని, వడ్రంగం, పేకాట, నాట్యం – ఏది కావాలంటే అది. 1967లో సన్ బౌల్ అనే ఆరుబయలు రంగస్థలం కట్టారు. 1979లో ఆడవాళ్ళు కొందరు కలిసి సన్ సిటీ పోమ్స్ అనే నాట్యబృందం పెట్టుకున్నారు. 55 ఏళ్ళు దాటితేగాని అందులో చేర్చుకోరు! కుచ్చులు పట్టుకుని, మెరుపు దుస్తులు వేసుకుని ఊరేగింపుల్లో ఆడిపాడే ఆ అమ్మమ్మల్ని చూస్తే, వయసు సంగతి ఎవరికి గుర్తుంటుంది చెప్పండి? ఊరికి మునిసిపాలిటీ లేదు. అందుకని వీధులు శుభ్రం చేసే పనిలో కూడా ఊరి పెద్దలే స్వచ్ఛందంగా చేయి వేస్తారు.

ఇక పండుగలు. నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్. క్రిస్మస్‌కు ఇటువంటి వెచ్చని ఊళ్ళలో మంచు బదులు ఇసుకే! నిలువెత్తు సగ్వారో జెముడు చెట్లకు దీపాల తోరణాలు చుడతారు. కాగితపు సంచుల్లో ఇసుక పోసి, కొవ్వొత్తులు నిలిపి దారి పొడుగునా పెడతారు. ఇది ఆ ప్రాంతాల్లో చాలాకాలంగా వస్తున్న ఆచారం. గోల్ఫ్ బండ్లను రంగుల దీపాలతో అలంకరించి ఊరేగిస్తారు. చలికి తాళలేక ఉత్తరాది నుంచి వచ్చే 'మంచు పక్షులు' కూడా ఈ రోజుల్లో చేరడంతో సందడే సందడి. మన ఇళ్ళల్లో పండుగంటే ఒక్క ఇల్లాలే పొయ్యి దగ్గర మాడిపోవాలి కదా! అక్కడ తలా ఒక వంటకం తెచ్చి కలిసి భోంచేసే విందులు మామూలు. భర్త పోయిన ఆవిడ, భార్య పోయిన ఆయన – ఎవరూ ఆ పూట ఒంటరిగా తినక్కర్లేదు.

అయితే నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. 19 ఏళ్ళలోపు వాళ్ళు అక్కడ కాపురం ఉండకూడదు. చుట్టపుచూపుగా వచ్చినా ఏడాదిలో 90 రోజులకు మించకూడదు. 1960లలో, 70లలో పక్కనున్న పియోరియా బడులకు భవనాల కోసం పన్ను ప్రతిపాదనలు వస్తే, సన్ సిటీ ఓటర్లు పదే పదే ఓడించారు. మన పిల్లలు కానప్పుడు మనకెందుకన్నది వాళ్ళ వాదన. చివరకు ఆ పాఠశాలల పరిధి నుంచి ఊరినే తప్పించారు. యంగ్‌టౌన్‌లోనైతే తాత ఇంట తలదాచుకున్న మనవణ్ణి ఉండనివ్వకపోవడంపై వివాదం రేగి, 1998లో ఆ ఊరి వయోనిబంధనే రద్దయింది. తోడు కోసం కట్టుకున్న గోడ మనవడికే అడ్డం వస్తే, ఏ తాత మనసు ఊరుకుంటుంది?

ఇదంతా పరాయిదేశపు ముచ్చట అని తోసేయకండి. ఫ్లోరిడాలోని టవారెస్‌లో శాంతినికేతన్ పేరుతో భారతీయ వృద్ధుల కోసమే ఇళ్ళు వెలిశాయి. అక్కడ మన వంటలూ, మన పండుగలూనూ. కోయంబత్తూరులో, హైదరాబాదులో కూడా ఇటువంటి నివాసాలు వచ్చాయి. పిల్లలు విదేశాల్లో ఉంటే, సంక్రాంతి నాడు ఇంట్లో ఇద్దరే మిగిలిన దంపతులు మన వీధిలోనూ ఉన్నారు.

సన్ సిటీ పెద్దల్ని చూసి మనం నేర్చుకోవలసింది ఊరు మారడం కాదు, పండుగను పిల్లల రాక మీదే వదిలేయకుండా నలుగురినీ కలుపుకోవడం. నేర్చుకోకూడనిది తలుపు మూసుకోవడం. ఈసారి పండుగకు పక్కింటి పెద్దావిడను ఒక వంటకంతో రమ్మని పిలవండి. ముగ్గు చెరిపే చిన్నపిల్లల్ని కూడా రానివ్వండి. ఇద్దరూ ఉంటేనే కదా వాకిలికి కళ!