కదిలే కాంతికి చిత్రం: గుంటూరు గ్రహణం నుంచి ఫెమ్టో ఫొటోగ్రఫీ వరకు

1. ఉద్దేశం

ఈ భాగం చదివిన తరువాత మీరు క్షణికమైన వెలుగును నమోదు చేసే ప్రయత్నాల క్రమాన్ని వివరించగలుగుతారు. ఛాయాచిత్రాన్ని చారిత్రక ఆధారంగా ఎలా పరీక్షించాలో చెప్పగలుగుతారు.

2. పరిచయం

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళ్లిన వారు అక్కడ శిల్పులు రాతిని చెక్కడం చూసే ఉంటారు. వంద మీటర్ల దూరంలో నిలబడి గమనించండి. సుత్తి దెబ్బ ముందు కనిపిస్తుంది. చప్పుడు సుమారు 0.3 సెకను తరువాత వినిపిస్తుంది. శబ్దం ప్రయాణానికి కాలం పడుతుందని చెవి చెబుతుంది. కాంతి విషయంలో కన్ను ఆ మాట చెప్పలేదు. సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోయే కాంతికి ఈ రెండు పట్టణాల మధ్య ఉన్న దాదాపు 40 కిలోమీటర్లు దాటడానికి సెకనులో ఏడు వేలవ వంతు చాలు. అటువంటి కాంతిని కదులుతుండగా చిత్రించడం సాధ్యమా?

3. గుంటూరు, 1868

ఈ చరిత్రలో ఒక ఘట్టం మన నేల మీదే జరిగింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జూల్స్ జాన్సెన్ గుంటూరులో వర్ణపటదర్శినితో పరిశీలించాడు. బ్రిటిష్ అధికారి టెన్నెంట్ బృందం అక్కడే ఫొటోలు తీసింది. సంపూర్ణ దశ కొద్ది నిమిషాలే. తప్పిపోతే మళ్లీ దొరకదు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటినప్పుడు నమోదు చేయడానికి జాన్సెన్ ఒక ‘ఫొటో రివాల్వర్’ రూపొందించాడు. అది 72 సెకన్లలో 48 చిత్రాలు తీయగలదు. ఒక కదలికను వరుస చిత్రాలుగా విడగొట్టే పద్ధతికి ఇది తొలి ఉదాహరణల్లో ఒకటి.

4. వస్తువు నుంచి కాంతికి

1878లో మైబ్రిడ్జ్ పరుగెత్తే గుర్రాన్ని, 1882లో మారే ఎగిరే పక్షులను చిత్రించారు. వీటిలో కదిలేది వస్తువు. కాంతి సాధనం మాత్రమే. కాంతినే వస్తువుగా తీసుకున్నవాడు బెల్ ప్రయోగశాలలోని మిషెల్ దుగే. ఆయన 1971లో పాలు కలిపిన నీటిలో సాగే లేజర్ స్పందనను ఫొటో తీశాడు. పాలు ఎందుకు? పెంకుటింటి కప్పు సందులోంచి పడే ఎండ ధూళి వల్లనే చారగా కనిపిస్తుంది కదా. పక్కకు చెదిరి మన వైపు వచ్చిన కాంతే కనిపిస్తుంది.

2011లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో, నాసిక్‌లో పుట్టిన రమేశ్ రస్కర్, ఆండ్రియాస్ వెల్టెన్ తదితరులు ఒక సీసా గుండా కాంతి సాగడాన్ని వీడియోగా చూపారు. ఒక్కో చిత్రానికి పట్టిన కాలం సుమారు 2 పికోసెకన్లు, అంటే సెకనులో లక్ష కోట్లవ వంతుకు రెండింతలు. అంతలో కాంతి గాలిలో 0.6 మిల్లీమీటరు మాత్రమే కదులుతుంది.

5. ఆధార పరిశీలన

ఇక్కడ మీరు చరిత్ర విద్యార్థులుగా ఒక ప్రశ్న అడగాలి: ఈ ఆధారం ఎలా తయారైంది? ఆ కెమెరా ఒకసారికి దృశ్యంలో ఒక్క అడ్డగీతనే నమోదు చేస్తుంది. అందుచేత లేజర్ స్పందనను ఎన్నోసార్లు పంపి, గీతలన్నిటినీ కంప్యూటర్‌తో కూర్చారు. మీరు చూసే ‘ఒక్క’ ప్రయాణం నిజానికి అనేక ప్రయాణాల కూర్పు. ఒకే నాటకాన్ని రోజుకొక సందులోంచి చూసి, మొత్తం రంగస్థలాన్ని కూర్చినట్లు. ప్రతి ప్రదర్శనా ఒకేలా సాగితే ఆ కూర్పు నమ్మదగినదే. కాని గుంటూరు గ్రహణం వంటి, పునరావృతం కాని సంఘటనకు ఈ పద్ధతి పనికిరాదు.

ఈ లోపాన్ని తీర్చడానికి 2014లో లిహాంగ్ వాంగ్ బృందం ఒక్క స్పందననే సెకనుకు 10,000 కోట్ల చిత్రాల వేగంతో నమోదు చేసింది. అక్కడ కూడా తుది చిత్రాన్ని గణితమే పునర్నిర్మిస్తుంది. కనుక ‘కెమెరా అబద్ధం చెప్పదు’ అనే మాటతో ఆగిపోకండి. శాసనాన్ని చదివేటప్పుడు ఎవరు, ఎప్పుడు, ఎందుకు వేయించారని అడిగినట్లే, చిత్రాన్ని కూడా అడగండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. జాన్సెన్ ‘ఫొటో రివాల్వర్’ ప్రాముఖ్యం ఏమిటి?
2. 2011 నాటి వీడియోను అనేక స్పందనల కూర్పు అని ఎందుకు అంటాం?