ఒకే రాతిపై రెండు భాషలు

ఖ్మేర్ భాష కొత్తగా నేర్చుకొనే తెలుగువానికి మొదటి రోజుల్లో గర్వం కలుగుతుంది. కంబోడియాలో భాషను 'ఫియెసా' అంటారు. మన 'భూమి' అక్కడ 'ఫూమ్' అయి, ఊరు అనే అర్థం ఇస్తుంది. అంకోర్ అంటే నగరమే. లిపి దక్షిణ భారతపు పల్లవ లిపినుండి వచ్చింది. హల్లు క్రింద హల్లు చేర్చి వ్రాస్తారు. మనం వత్తు అనేదానిని వారు 'చెంగ్', అనగా పాదం, అంటారు. ఇవన్నీ చూచి, ఖ్మేర్ సంస్కృతి యావత్తూ మనం పెట్టిన భిక్షే అని తీర్మానించడం మనకు సులభమవుతుంది. 1926లో కలకత్తాలో సంఘం పెట్టి మరీ ప్రచారం చేసిన 'బృహద్భారత' వాదానికి మూలం ఈ సులభమైన తీర్మానమే.

కాని పాఠం వంటయింటిలోకి, పొలంలోకి ప్రవేశించగానే ఈ గర్వం నిలువదు. అన్నం 'బాయ్', నీరు 'తెక్', చేప 'త్రెయ్', వరిమడి 'స్రె'. వీటిలో సంస్కృతం లేదు. లెక్క చూడండి: ఐదు 'ప్రామ్', ఒకటి 'మువొయ్', ఆరు అనడానికి 'ప్రామ్ మువొయ్', అంటే ఐదూ ఒకటి. ఒక చేతి వ్రేళ్లతో ఆగి, మళ్లీ మొదలయ్యే లెక్క ఇది. ఖ్మేర్ ఆస్ట్రో-ఆసియాటిక్ కుటుంబపు భాష. ఆ కుటుంబంలో మనకు దగ్గర చుట్టం ఎవరు? శ్రీకాకుళం, పార్వతీపురం కొండల్లోని సవరల భాష! గిడుగు రామమూర్తి పంతులుగారు ఏండ్ల తరబడి నేర్చి, 1931లో వ్యాకరణం వెలువరించిన భాష అది. పల్లవ లిపిని చూచి పొంగిపోయే మనం, మన ఏజెన్సీలోని ఈ బంధుత్వాన్ని తలచుకోము.

ఖ్మేర్ శాసనాలు ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తాయి. తేదీ తెలిసిన ఖ్మేర్ శాసనాల్లో మొదటిది అంకోర్ బొరెయ్‌లో దొరికిన క్రీ.శ. 611 నాటిది. ఆనాటినుండి అనేక రాళ్లపై రెండు భాషలు కనిపిస్తాయి. దేవునికీ రాజుకూ చేసే స్తుతి సంస్కృత శ్లోకాల్లో ఉంటుంది. గుడికిచ్చిన మడులు, పశువులు, ధాన్యం, మనుషులు — వీటి పట్టిక ఖ్మేర్ వచనంలో ఉంటుంది. ఆ మనుషులకు 'క్ఞుం' అని పేరు. వారు కొనబడిన బానిసలా, గుడికి కట్టుబడిన సేవకులా అనే చర్చ పండితుల్లో ఉన్నది. పట్టికలో వారు పేరుపేరునా ఉన్నారు. కొందరి పేర్లకు కుక్క, పిల్లి అని అర్థం.

1186లో ఏడవ జయవర్మ వేయించిన తా ప్రోమ్ సంస్కృత శాసనం, ఆ గుడి సేవకు 3,140 గ్రామాలనూ 79,365 మంది మనుషులనూ లెక్క చెబుతుంది. ఆ సంఖ్య రాజు ఘనత కోసం చెప్పినది. అందులో మనిషి లేడు. అంతమాత్రాన ఖ్మేర్ పట్టిక ప్రజల గొంతు అనుకొనరాదు. అదీ యజమాని లెక్కే. అయినా శ్రమజీవి పేరు మనకు దక్కింది ఆ లెక్కలోనే.

1296–97లో అంకోర్‌లో ఉన్న చీనా రాయబార బృందపు సభ్యుడు జౌ దాగ్వాన్, అక్కడ వ్యాపారమంతా స్త్రీల చేతిలో ఉన్నదని వ్రాశాడు. బాయోన్ గుడి గోడలపై అంగళ్లూ, వంటలూ, కోడిపందేలూ, పురుడూ చెక్కబడి ఉన్నాయి. వానకాలంలో టోన్లే సాప్ నది వెనుకకు పారి సరస్సును నింపుతుంది. నీరు తీయగానే చేపలు పడతారు. వాటిని ఉప్పువేసి ఊరబెట్టి 'ప్రహోక్' చేస్తారు. ఇంటికి వచ్చినవానిని "అన్నం తిన్నారా?" అని పలకరిస్తారు. పెద్దవానిని 'బోంగ్' అనీ, ముసలివానిని 'తా' అనీ వరుస పెట్టి పిలుస్తారు. ఈ పలకరింపు మన పల్లెలకు పరాయిది కాదు.

అభ్యుదయాన్ని కోరే మనం తప్పించుకొనరాని ఘట్టమొకటి ఉన్నది. 1975లో అధికారానికి వచ్చిన ఖ్మేర్ రూజ్, తన జెండాపై అంకోర్ గోపురాలను నిలిపింది. శ్రమజీవి పేరు చెప్పి, వరుసలు మాని అందరూ 'మిత్' — మన 'మిత్ర' శబ్దమే — అని పిలుచుకోవాలన్నది. తినడానికి వాడే మాటలు మాని, పల్లెమాట 'హోప్' ఒక్కటే వాడమన్నది. 1979 వరకు పదిహేను నుండి ఇరవై లక్షల మంది మరణించారు. రాజు మనిషిని సంఖ్య చేశాడు. ప్రజల పేరిట వచ్చినవారూ సంఖ్యే చేశారు. ఆ పాలన పోయాక జనం మళ్లీ 'బోంగ్', 'తా' అనే మాటలకే వచ్చారు.

కొత్తగా నేర్చుకొనేవాడు పలికే మొదటి వాక్యం తరచు 'ఖ్ఞొమ్' అనే మాటతో మొదలవుతుంది. దానికి అర్థం 'నేను'. పెద్దల ముందు 'దాసుణ్ణి' అని వినయంగా చెప్పుకొన్న మాట క్రమంగా అందరి మాట అయింది. ఆ రాతిమీది 'క్ఞుం' శబ్దమే ఇది. శ్లోకాల్లోని రాజులు గతించారు. పట్టికలోని మనిషి మాత్రం ఈనాటికీ ప్రతి ఖ్మేర్ నోట 'నేను' అంటూ ఉన్నాడు. ఆ దేశానికి వెళ్లే మనవాడు అంకోర్‌లో తన పూర్వుల గొప్పను వెదకడానికి ముందు, ఈ ఒక్క మాట నేర్చుకోవాలి.