కత్తియా, కిరణమా?

ప్రాణము మీదికి వచ్చినప్పుడు వైద్యుడు చెప్పినట్లు నడచుకొనుటే మన పెద్దలు ఎరిగిన పద్ధతి. కాని ఒక వ్యాధి విషయములో వైద్యుడే రెండు దారులు చూపి, ఏది కావలెనో చెప్పుమని రోగినే అడుగుచున్నాడు. అది వయసు మళ్ళిన పురుషులకు వచ్చే ప్రోస్టేట్ గ్రంథి రాచపుండు. మూత్రాశయము క్రింద మూత్రనాళమును చుట్టుకొని ఉండే చిన్న గ్రంథి ఇది. పుండు గ్రంథిని దాటక ముందే బయటపడినచో, గ్రంథిని కోసి తీసివేయవచ్చును. లేదా కిరణములతో పుండును నశింపజేయవచ్చును.

ఈ రెండింటిలో శస్త్రము పెద్దది. 1904 ఏప్రిల్‌లో అమెరికాలోని బాల్టిమోర్ నగరమున హ్యూ హాంప్టన్ యంగ్ అను వైద్యుడు గ్రంథిని సమూలముగా తొలగించినాడు. క్యూరీ దంపతులు 1898లో కనుగొన్న రేడియమును కొద్ది ఏండ్లకే పారిస్ వైద్యులు సన్నని గొట్టముతో గ్రంథి చెంతకు చేర్చి చూచినారు. ఒకదానివలన మూత్రము పట్టు తప్పెడిది, దాంపత్యశక్తి నశించెడిది. రెండవదానివలన చుట్టుప్రక్కల అవయవములు కాలెడివి. 1951లో కెనడాలో కోబాల్టు యంత్రము వచ్చిన తరువాత కిరణము లోతుకు చేరగలిగినది. 1982లో పాట్రిక్ వాల్ష్ గ్రంథి ప్రక్కనున్న నరములను కాపాడుచు కోయు విధానమును ఆచరణలోనికి తెచ్చినాడు. అనగా రెండు మార్గములూ ఒకదానితో ఒకటి పోటీపడి మెరుగైనవి.

మన ఉత్తరాంధ్ర మాట ఏమి? యంగ్ కత్తి పట్టిననాడు విజయనగరము మద్రాసు రాజధానిలోని ఒక సంస్థానము. విశాఖపట్నములో కింగ్ జార్జి ఆసుపత్రి 1923లో వెలసినది. కిరణచికిత్సకు మద్రాసులో బార్నార్డ్ సంస్థ 1934లోను, అడయారు కాన్సర్ సంస్థ 1954లోను ఏర్పడినవి. నేడు విశాఖ చెంత అగనంపూడిలో టాటా స్మారక కేంద్రమువారి హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రి ఉన్నది. దూరము తగ్గినది, కాని తీరిపోలేదు.

ఈ దూరమే నిర్ణయమును శాసించుచున్నది. శస్త్రచికిత్సకు కొన్ని దినములు ఆసుపత్రిలో ఉండిన చాలును. కిరణచికిత్స అట్లు కాదు. వారమునకు ఐదు దినముల చొప్పున 37 విడతలు, అనగా ఏడు వారములకు పైమాట. విజయనగరమునుండి విశాఖకు సుమారు 60 కిలోమీటర్లు. శ్రీకాకుళమునుండి అంతకు దాదాపు రెట్టింపు. డెబ్బదేండ్ల రైతు దినదినమూ ఎట్లు పోయి రాగలడు? బసకు సొమ్మేది? తోడెవరు? గుండె బలహీనమై మత్తుమందుకు తాళలేని వృద్ధునికి కిరణమే మేలని తెలిసియు, దారిఖర్చు అడ్డుపడును. 2016లో ప్రకటితమైన బ్రిటిష్ పరిశోధన 20 విడతలు 37 విడతలకు తీసిపోవని నిరూపించినది. ఏడు వారములు నాలుగైనవి. పల్లెవాసికి ఇది స్వల్ప విషయము కాదు.

మరి ఏది ఎక్కువ కాలము బ్రతికించును? బ్రిటనులో 1999–2009 నడుమ 50 నుండి 69 ఏండ్ల వయసుగల 1643 మందిని మూడు గుంపులు చేసినారు: శస్త్రము, కిరణము, చికిత్స వెంటనే చేయక కనిపెట్టి ఉండుట. పదునైదేండ్ల తరువాత, 2023లో లెక్క చూడగా, ఏ గుంపులోనైనను ఈ పుండువలన మరణించినవారు నూటికి సుమారు ముగ్గురే. భేదము బ్రతుకు తీరులో కనబడినది. మూత్రము జారుట శస్త్రము పొందినవారిలో ఎక్కువ. మలవిసర్జన బాధలు కిరణము పొందినవారిలో ఎక్కువ. అయితే వారిలో చాలమందికి వ్యాధి రక్తపరీక్షతో తొలిదశలోనే బయటపడినది. ఎముకలకు ప్రాకిన తరువాత వచ్చినవారికి ఈ లెక్క వర్తింపదు.

కనుక ప్రశ్న ఏది గొప్పదని కాదు. ఏ కష్టమును ఈ మనిషి ఓర్చుకొనగలడని. దానికి జవాబు చెప్పవలసినది ఆ పెద్దాయనయే. మన యిండ్లలో కొడుకులూ అల్లుండ్రూ వైద్యునితో మాటాడుదురు. తండ్రి బయట బల్లమీద కూర్చుండును. సిగ్గుచేత ఆయన అడుగడు, జాలిచేత వీరు చెప్పరు. శస్త్రవైద్యుని, కిరణవైద్యుని ఇద్దరినీ కలిసి, ఇద్దరి మాటా ఆయన చెవినే పడునట్లు చేయుట బిడ్డల ధర్మము. నూరేండ్ల వైద్యచరిత్ర సంపాదించి పెట్టిన ఎంపిక ఇది. అనుభవించువానికే అది దక్కవలెను.