ఒట్టిపోయిన బర్రె ఎటు పోతుంది?

హైదరాబాదు శివార్లలోని ఇంద్రేశం నుంచి పటాన్‌చెరు దాటి ముంబై హైవే ఎక్కితే రుద్రారం ఎంతో దూరం లేదు. 1990లలో ఈ ఊరి పేరు దేశమంతా వినబడింది. అల్ కబీర్ సంస్థ ఇక్కడ పెట్టిన మాంసం ఎగుమతి కర్మాగారాన్ని మూసేయాలని గోసేవా సంఘాలు ఏళ్ల తరబడి పోరాడాయి. చివరకు 2006లో సుప్రీంకోర్టు అది నడవొచ్చని తేల్చింది.

ఆ వివాదం చాలావరకు పశుసంపద చుట్టూ తిరిగింది. పశువులు తరిగిపోతే పాలకు, పేడకు, సేద్యానికి లోటొస్తుందని ఒకరు, పనికిరానివాటినే కోస్తున్నారని ఇంకొకరు. 1977 నాటి రాష్ట్ర చట్టం పెట్టిన కొలత కూడా అదే. ఈతకు, పాలకు, పొలం పనికి ఇక గిట్టుబాటు కాదని అధికారి రాసిస్తే బర్రెను కోయొచ్చు. బర్రెకు తన ప్రాణం తీపి అన్న మాట ఈ కొలతలో ఇమడదు. పాలు సహా జంతువుల నుంచి వచ్చేదేదీ వద్దనే వీగన్ల ప్రశ్న సరిగ్గా అక్కడ మొదలవుతుంది.

పాలు పితికితే బర్రె చస్తుందా అని ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. ఈనితేనే పాలు. ఈనిన ప్రతిసారీ పెయ్యదూడే పుట్టదు. దున్నదూడ పుడితే, ట్రాక్టర్లొచ్చాక దానితో పని లేదు. దాని వంతు పాలు తగ్గిపోతాయి, చాలాసార్లు అది బతకదు. దూడ పోతే తల్లి చేపదు. అందుకని చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి ముందు నిలబెట్టేవారు. బర్రె ఆ తోలును నాకుతూ నాకుతూ చేపేది. నన్ను పాలకు దూరం చేసింది ఆ నాకడమే. ఇందులో రైతును తప్పుపట్టను. దాణా ఖర్చుకూ పాల ధరకూ మధ్య నలిగేవాడు ఒట్టిపోయిన బర్రెను ఏళ్లపాటు ఎట్లా మేపుతాడు? సంతకు తోలతాడు. పాలు, మాంసం ఒకే బర్రెవి.

ఈ నేలకు అహింస కొత్త కాదు. పటాన్‌చెరు ఒకనాటి పొట్టలకెరె. 11వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు జయసింహుడికి రాజధాని, జైనం వర్ధిల్లిన చోటు. జైనులు తేనె సైతం వద్దన్నారు, పాలను మాత్రం ఉంచుకున్నారు. ఇంగ్లండులో శాకాహారులు కూడా అక్కడే ఆగారు. చిన్నప్పుడు మేనమామో బాబాయో నడిపే పొలంలో పందిని కోయడం చూసి చలించిన డొనాల్డ్ వాట్సన్, మరికొందరు 1944లో వాళ్ల నుంచి విడిపోయి వీగన్ సొసైటీ పెట్టారు.

షుగర్ తగ్గాలని పాలు మానేయడం మంచిదే కావచ్చు, అది ఆహార నియమం. వీగన్ అయినవాడు తోలు చెప్పులనూ పట్టుచీరనూ కూడా అదే ప్రశ్న అడుగుతాడు. పట్టుకాయను పురుగుతో సహా ఉడికించకుండా, రెక్కల పురుగు బయటికొచ్చాకే దారం తీసే పద్ధతిని హైదరాబాదులో కుసుమ రాజయ్య తెచ్చింది పురుగును చంపకూడదనే. సాధ్యమైనంత మేర అన్న మాట వీగన్ సొసైటీ నిర్వచనంలోనే ఉంది. ప్రాణం నిలిపే మందును మానమని ఎవరూ అనరు.

ఇక తిండి సంగతి. 1972లో పటాన్‌చెరులో వెలసిన ఇక్రిశాట్ సంస్థ పరిశోధిస్తున్న జొన్న, సజ్జ, కంది, శనగ, పల్లీలతోనే మన కంచాన్ని చాలావరకు నింపుకోవచ్చు. కష్టమల్లా పెరుగుతోనే. పల్లీలు నానబెట్టి, రుబ్బి, వడకట్టిన పాలను కాచి, గోరువెచ్చగా ఉండగా పచ్చిమిరప తొడిమలు వేసి మూతపెడితే తెల్లారేసరికి తోడుకుంటుంది. బి12 మాత్రం మొక్కల తిండిలో దొరకదు, మాత్రతోనో, బి12 కలిపిన తిండితోనో తీసుకోవాల్సిందే.