స్టెప్నీ

ఘాట్ ఎక్కే ముందు అలిపిరి దగ్గర డ్రైవర్లు ఒకరినొకరు అడిగే మాట: "అన్నా, స్టెప్నీలో గాలుండాదా?" కార్ల పిచ్చి ఉన్న కుర్రాళ్లు ఒప్పుకోరు, స్పేర్ వీల్ అనాలంటారు.

వాళ్ల వాదనలో పస ఉంది. స్టెప్నీ మొదట ఒక సరుకు పేరు. అప్పటి కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. పంచరైతే దారిలోనే టైరు విప్పి అతుకు వేసుకోవాలి. 1904లో వేల్స్‌లోని లనెల్లి ఊళ్లో, స్టెప్నీ వీధిలో, డేవిస్ సోదరులు ఊచల్లేని చట్రానికి గాలి టైరు తొడిగి అమ్మారు. పంచరైన చక్రాన్ని ఊడదీయకుండా, దానికే ఇది బిగించి బండి నడపొచ్చు.

ఇప్పుడు డిక్కీలో ఉండేది అది కాదు, నిండు చక్రమే. అయినా నా ఓటు స్టెప్నీకే. చిత్తూరు పంచరు కొట్లలో నలిగిన ఈ మాట మనదైపోయింది, దిద్దాల్సిన పనిలేదు.