హోప్ పాఠశాల జీర్ణోద్ధరణ వృత్తాంతము

జీర్ణమైన కట్టడమును ఉద్ధరించుట నూతన నిర్మాణముకంటె పుణ్యప్రదమని పెద్దలు చెప్పుదురు. ఈ ఆలయ దాతలు తెలిసికొనదగిన అట్టి వృత్తాంతమొకటి అమెరికాలో జరిగినది.

అచటి దక్షిణ రాష్ట్రములలో నల్లజాతి పిల్లలకు సరియైన బడులు లేని కాలమున, బుకర్ టి. వాషింగ్టన్ ప్రేరణతో వర్తకుడు జూలియస్ రోజెన్‌వాల్డ్ ధనమిచ్చి, 1932 నాటికి దాదాపు 5,000 పాఠశాలలు వెలయుటకు కారకుడాయెను. ఊరివారును తమ వంతు చేర్చవలెనని ఆయన నియమము. ఆ పేదలు రూకలు, కలప, కాయకష్టము సమర్పించిరి. ప్రభుత్వ ధనమటుంచి లెక్కించినచో వారిచ్చినది సుమారు 47 లక్షల డాలర్లు. రోజెన్‌వాల్డ్ నిధి ఇచ్చినది 44 లక్షలే! పేరు మాత్రము ఆయనదే నిలిచినది, అది లోకరీతి.

దక్షిణ కరోలినాలోని పొమారియా చెంత 1925-26లో 2,900 డాలర్లతో కట్టిన రెండు గదుల హోప్ పాఠశాల ఇట్టిదే. హోప్ కుటుంబమువారు రెండెకరముల భూమిని దానమిచ్చిరి. 1954లో బడి మూతపడెను. వర్ణభేదముతో వేరు బడులు నడుపుట చెల్లదని సుప్రీంకోర్టు తీర్పిచ్చినది ఆ యేడే. తీర్పు ధర్మమే, కాని కాలక్రమమున ఇట్టి బడులు వేలుగా పాడుపడినవి. 2002లో వీనిని అపాయస్థితిలోనున్న చారిత్రక స్థలములలో చేర్చిరి. హోప్ పాఠశాలను మాత్రము ఆ ఊరి శ్మశానవాటికను కాచు సంఘమే చేపట్టినది. 2007లో అది జాతీయ చారిత్రక స్థలముల పట్టికకెక్కినది. విద్యుత్తు లేని నాడు వెలుతురుకై పెట్టిన పొడవాటి కిటికీల ఆ గదులు ఊరి సమావేశములకు నెలవైనవి.