కోనసీమలో భద్రతానియమముల ప్రామాణ్యము

సాంకేతిక భద్రతానియమములు వస్తునిష్ఠములా, లేక కొందఱు నిపుణులు తమలో తాము చేసికొన్న ఒడంబడికలు మాత్రమేనా? తర్కశాస్త్రమునకు చెందినట్లు తోచు నీ ప్రశ్న కోనసీమ యిటీవలి చరిత్రలో ఇండ్ల ముంగిటికే వచ్చినది.

1995 జనవరి 8వ తేదీన పాశర్లపూడిలో ఓ.ఎన్.జి.సి. వారి బావి అదుపు తప్పి అంటుకొనెను. ఆ మంటను ఆర్పుటకు 65 దినములు పట్టినది. అది భూగర్భపీడనమువలన వచ్చిన యాపద. 2014 జూన్ 27వ తేదీ వేకువను మామిడికుదురు మండలములోని నగరము గ్రామమున జరిగినది వేఱు. తాటిపాకనుండి పోవు గెయిల్ వారి 18 అంగుళముల గొట్టము చీలి, వాయువు వ్యాపించి అంటుకొనుటచే ఇరువదిమందికి పైగా మరణించిరి. ఇండ్లతోబాటు కొబ్బరిచెట్లును మాడిపోయెను. పొడివాయువునకై ఉద్దేశించిన గొట్టములో నీరు కలిసిన తడివాయువును పంపుటచే ఉక్కు లోపలినుండి తుప్పుపట్టినదని విచారణసంఘము తేల్చెను. తడివాయువు ఉక్కును తినుట ఎవరి తీర్మానముతోను మాఱునది కాదు.

అయినను పూర్వపక్షమునకు బలమైన యాధారమొకటి కలదు. వాయుగొట్టముల విషయమున లోకమున వాడుకలోనున్న అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘమువారి బి 31.8 నియమావళి, గొట్టమునకు ఇరుప్రక్కల 200 మీటర్లలోపల, 1600 మీటర్ల పొడవున నున్న ఇండ్లను లెక్కింపు మనును. అవి పదికి మించనిచోట సాధారణముగ ఉక్కుబలములో నూటికి 72 వంతులవఱకు వాడుకొనవచ్చును; 46 గాని అంతకు మించి గాని యున్నచో 50 వంతులే. నలుబదియైదింటికి లేని రక్షణ నలుబదియాఱింటికేల? ప్రకృతిలో అట్టి గీత లేదు. అది ఒడంబడికయే. కోనసీమలో ఆ లెక్కయు సులభము కాదు. ఇచట ఇండ్లు తోటలనడుమ చెదరియుండును. ఒక యూరెచట ముగిసి మఱొకటి యెచట మొదలగునో క్రొత్తవానికి తెలియదు. గొట్టము పాతిన పిమ్మటకూడ ఇండ్లు పెరుగుచునేయుండును.

ఇంతమాత్రమున నియమము నిరాధారమని మేము తలంపము. గీత ఎచట గీయవలెనన్నది మనుష్యుల నిర్ణయము. జనము పెరిగినకొలది ఉక్కు దళసరి కావలెననుటకు గల హేతువు మాత్రము అట్టిది కాదు. గొట్టము వేసిన ఇంజనీరును, దాని ప్రక్కన కాపురమున్న రైతును ఆ హేతువును సమానముగ పరీక్షింపగలరు. మా దృష్టిలో వస్తునిష్ఠత యనగా నిదియే. వృత్తిధర్మమును ఇందుండియే పుట్టుచున్నది: వాయువు తడిదో పొడిదో కొలిచి తెలిసికొనగలవాడు ఇంజనీరే, రైతు కాడు, కావున చెప్పవలసిన భారమును అతనిదే.

మన దేశమున సహజవాయు గొట్టములకు భద్రతాప్రమాణములను విధించు నిబంధనలను పెట్రోలియము, సహజవాయు నియంత్రణమండలి 2009లో వెలువరించెను. నగరము దుర్ఘటననాటికి అవి అయిదేండ్లనాటివి.